12 కిలోలు మోసే ట్రైపాడ్ కొండగాలికి ఎందుకు ఊగింది?

బెంగళూరులో ఉద్యోగం చేసే ప్రతివాడికీ ఏదో ఒక శనివారం నంది కొండ మీద సూర్యోదయం ఫొటో తీయాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. తెల్లవారుజామున మూడున్నరకి మారతహళ్లిలో బయల్దేరి, కొండ కింద కార్ల వరుసలో అరగంట ఇరుక్కుని, పైకెక్కి బండరాయి అంచున చోటు సంపాదించేసరికి తూర్పు ఎర్రబడుతోంది. కొత్త ట్రైపాడ్ కాళ్లు అయిదు ముక్కలూ పూర్తిగా లాగాను. మధ్య కడ్డీ కూడా పైకెత్తాను. దూరపువాటిని దగ్గరగా చూపే 70-200 జూమ్ లెన్స్ తొడిగిన కెమెరా బిగించాను. పెట్టె మీద ‘లోడ్ కెపాసిటీ 12 కేజీలు’ అని పెద్దక్షరాల్లో ఉంది. నా కెమెరా, లెన్స్ కలిపితే రెండు కిలోలు కూడా లేవు. ఇక టెన్షన్ ఎందుకనుకున్నాను.

ఇంటికొచ్చి లాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూస్తే, నలభై ఫొటోల్లో ఆరు పనికొచ్చాయి. మిగతా వాటిలో ఎదురు కొండ మీది చెట్లకి అంచులు రెండేసి ఉన్నాయి. ఫోకస్ తప్పు కాదు, షట్టర్ నొక్కిన వేలి తప్పూ కాదు, రెండు సెకన్ల టైమర్ పెట్టే తీశాను. స్టాండే ఊగింది.

అప్పట్నుంచి ఆఫీసులో ఎవరైనా ట్రైపాడ్ కొనాలంటే నా దగ్గరికే వస్తారు, దెబ్బ తిన్నవాణ్ని కదా. మొన్న మా టీములో కర్నూలు కుర్రాడొకడు ఫోన్ తెచ్చి చూపించాడు. “అన్నా, కిలో బరువే అంట, పదిహేను కిలోలు మోస్తుందంట, తీసుకుందునా?” అన్నాడు. ఆ ప్రశ్నకి నిలబడిన చోటే జవాబు చెప్పలేక, క్యాంటీన్‌లో కూర్చుని గంటసేపు చెప్పిందే ఇది.

పెట్టె మీది ఆ అంకె అబద్ధం కాదు. కాకపోతే మనం అడిగే ప్రశ్నకి అది జవాబు కాదు. అంత బరువు పెడితే బిగింపులు జారవు, కెమెరా బిగించే పైభాగం, అంటే హెడ్, ముందుకి వాలిపోదు, గొట్టం విరగదు. అది చెప్పేది అంతే. ఎలా కొలిచి ఆ అంకె వేయాలో అన్ని కంపెనీలూ కలిసి ఒప్పుకున్న పద్ధతి కూడా లేదు, ఎవరి కొలత వాళ్లది. మన పెరట్లో దండేనికి పాతిన వెదురు గెడ తడి దుప్పట్లన్నీ మోస్తుంది. అదే గెడని వేలితో తోసి చూడండి, ఊగుతూనే ఉంటుంది. మోయడం వేరు, కదలకుండా నిలబడడం వేరు. ఫొటోకి కావలసింది రెండోది. దానికి మాత్రం పెట్టె మీద అంకె ఉండదు.

ఎంత కదిలితే ఫొటో పాడవుతుందో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా తీసుకుందాం. వెలుగుని పట్టే పలక, అంటే సెన్సర్, వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఆ వెడల్పులో 6,000 పిక్సెళ్లు. అంటే ఒక్కో పిక్సెల్ మిల్లీమీటరులో వెయ్యింట ఆరు వంతులు. దానికి విశాలంగా చూపే 24 ఎంఎం వైడ్ లెన్స్ పెట్టి వంద మీటర్ల దూరంలోని చెట్టును తీస్తే, ఒక పిక్సెల్‌లో ఆ చెట్టు తాలూకు 25 మిల్లీమీటర్లు పడతాయి. 200 ఎంఎం లెన్స్ పెడితే 3 మిల్లీమీటర్లే పడతాయి. అంటే కెమెరా చూపు వంద మీటర్ల అవతల బఠాణీ గింజంత పక్కకి జరిగినా పెద్ద లెన్స్‌లో మసక మొదలైనట్టే. అదే ఊపు వైడ్ లెన్స్‌లో ఉన్నట్టు కూడా తెలియదు. కాబట్టి “ఏ ట్రైపాడ్ మంచిది?” అనే ముందు “నువ్వు వాడే అతి పెద్ద లెన్స్ ఏది?” అని అడగాలి. మా కర్నూలు కుర్రాడి దగ్గర ఉన్నది కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్, జూమ్ లేని ఒక చిన్న ప్రైమ్. నాతో పోలిస్తే వాడి పని సగం సులువు.

రెండో ప్రశ్న షట్టర్ స్పీడు, అంటే సెన్సర్ ఎంతసేపు తెరిచి ఉంటుందన్నది. సెకనులో వెయ్యో వంతు పెడితే స్టాండు ఊగినా ఫొటోకి తెలియదు. 30 సెకన్లు పెడితే మొదట్లో వచ్చిన చిన్న అదురు ఆ పొడవాటి సమయంలో కలిసిపోతుంది, గాలి ఆగకుండా కొడితే తప్ప. చిక్కంతా మధ్యలో ఉంది. సెకనులో అరవయ్యో వంతు నుంచి సెకను, రెండు సెకన్ల దాకా స్టాండు ఊగడం మొదలుపెట్టి సర్దుకునే సమయమూ, సెన్సర్ తెరిచి ఉండే సమయమూ ఒకటే అవుతాయి. సూర్యోదయానికి ముందు మసక వెలుగులో సరిగ్గా ఆ స్పీడులే వస్తాయి. నంది కొండ మీద నా నలభై ఫొటోల కథ ఇదే.

ఇక ఊపు ఎక్కడ పుడుతుందో చూద్దాం. ముక్కాలి పీట ఎగుడుదిగుడు నేల మీద కూడా కదలదు, నాలుగు కాళ్ల కుర్చీ అయితే కిటకిటలాడుతుంది. మూడు చుక్కలు ఎక్కడున్నా ఒకే తలం మీద ఉంటాయి, నాలుగో చుక్కకే ఆ హామీ లేదు. కాబట్టి మూడు కాళ్ల ఏర్పాటులో తప్పు లేదు. ఊపు వచ్చేది కాలిలోంచి, ముఖ్యంగా కాలి కింది కొసనుంచి.

కాలు ఒక గొట్టంలో ఒక గొట్టం దూరే అమరిక కదా. ప్రతి ముక్కా పైదానికంటే సన్నంగా ఉండి తీరాలి. గొట్టం గోడ మందం ఒకటేననుకుంటే, గొట్టం బిగువు దాని వ్యాసం ఘనంతో మారుతుంది. అంటే వ్యాసం సగమైతే బిగువు సగం కాదు, ఎనిమిదో వంతు. పైముక్క 28 మిల్లీమీటర్లు, కింది ముక్క 14 మిల్లీమీటర్లు ఉన్న ట్రైపాడ్‌లో ప్రకటనలో చూపించేది పైముక్కని, ఫొటోని చెడగొట్టేది కిందిది. నాలుగు ముక్కల కాలులో కింది గొట్టం 16 మిల్లీమీటర్లు ఉండి, పైగొట్టం అంతే లావున్న అయిదు ముక్కల కాలులో 13 ఉందనుకోండి, తేడా మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. ఘనం కట్టి చూస్తే దాదాపు రెట్టింపు తేడా. దానికి తోడు ప్రతి కీలు దగ్గరా ఇంకాస్త వదులు కలుస్తుంది.

అందుకే నేను కొనేవాళ్లకి చెప్పే మొదటి మాట ఇది: పైగొట్టం కాదు, అన్నిటికంటే కింది గొట్టం చూడండి. మీ చిటికెన వేలికంటే సన్నగా ఉంటే పెద్ద లెన్స్ ఆశ వదులుకోండి. వాడే పద్ధతి కూడా దీన్నుంచే వస్తుంది. ఎత్తు తక్కువ చాలినప్పుడు లావు ముక్కలు ముందు లాగాలి, సన్నవి చివరికి. చాలామంది కింది ముక్కతో మొదలుపెడతారు, చేతికి అదే ముందు తగులుతుంది కాబట్టి. ఇసుకలో, నీళ్లలో, బురదలో మాత్రం దీనికి ఎదురు చేయాలి. కింది ముక్కని పూర్తిగా బయటికి లాగి, బిగింపు కీలు నీళ్లకి పైన ఉండేలా చూసుకోవాలి. లేకపోతే ఇసుక మరలోకి దూరి, తిప్పినప్పుడల్లా పళ్లు కొరికినట్టు చప్పుడు చేస్తుంది. సూర్యలంక బీచిలో ఒకసారి నేర్చుకున్న పాఠం, ఇప్పటికీ ఒక కాలు కరకరమంటూనే ఉంది.

మధ్య కడ్డీ సంగతి వేరుగా చెప్పాలి. సెంటర్ కాలమ్ అనే ఈ కడ్డీని పైకెత్తిన క్షణంలో మూడు కాళ్ల మీద ఒంటికాలు నిలబెట్టినట్టే. ఒక కొస బిగించిన కడ్డీ పొడవు రెట్టింపు చేస్తే, అదే తోపుకి రెండో కొస ఎనిమిది రెట్లు ఎక్కువ జరుగుతుంది. 10 సెంటీమీటర్లు ఎత్తడానికీ 20 ఎత్తడానికీ ఉన్న తేడా అంత. కొన్ని ట్రైపాడ్‌లలో దీన్ని విప్పి ఇంట్లోనే వదిలేయవచ్చు, లేదా చిన్న కడ్డీ మార్చుకోవచ్చు. బరువు తగ్గుతుంది, కెమెరా నేలకి దగ్గరగా దిగుతుంది, పైకెత్తాలన్న బుద్ధీ పుట్టదు.

కాబట్టి ఎత్తు చూసేటప్పుడు గరిష్ఠ ఎత్తు అంకెని పక్కనపెట్టి, కడ్డీ దించినప్పటి ఎత్తు వెతకండి. అది కాస్త చిన్నక్షరాల్లో ఉంటుంది. ఉదాహరణకి పీక్ డిజైన్ అనే కంపెనీ వాళ్ల ట్రావెల్ ట్రైపాడ్ గరిష్ఠ ఎత్తు 152 సెంటీమీటర్లు, కడ్డీ దించితే 130. నా ఎత్తు 168. నా కన్ను నేలనుంచి 156 దగ్గర ఉంటుంది, కెమెరాలో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్, అడుగున బిగించే ప్లేటుకి ఓ ఏడు సెంటీమీటర్లు పైన. అంటే వంగకుండా చూడాలంటే హెడ్‌తో కలిపి 149 కావాలి. తేలిక ట్రైపాడ్‌లు కడ్డీ ఎత్తకుండా అంత రావడం అరుదు. కానీ ఇప్పటి కెమెరాలన్నిటికీ దాదాపుగా పైకి తిరిగే స్క్రీన్ ఉంది. 130 దగ్గర పెట్టి కిందికి చూస్తే సరిపోతుంది. మెడ నొప్పి కాస్త ఉంటుంది, నలభై దాటినవాళ్లు ఆలోచించుకోవాలి.

మడిచిన పొడవు గురించి అమ్మేవాళ్లు చాలా మాట్లాడతారు. దాని వెనక ఒక చిన్న చరిత్ర ఉంది. ఫ్రాన్స్‌లో పుట్టిన గిట్జో కంపెనీ 1994లో కార్బన్ ఫైబర్ కాళ్లు తెచ్చింది. కొన్నేళ్ల తర్వాత కాళ్లని 180 డిగ్రీలు వెనక్కి తిప్పి హెడ్ చుట్టూ మడిచే ఏర్పాటు తెచ్చింది. అప్పటిదాకా మడిచిన ట్రైపాడ్ పైన హెడ్ గడ్డపారకి పిడిలా పొడుచుకుని ఉండేది. ఇప్పుడు మనం కొనే ట్రావెల్ ట్రైపాడ్‌లలో చాలావాటికి ఆ వెనక్కి మడతే మూలం. 2019లో పీక్ డిజైన్ వాళ్లు ఇంకో దారి పట్టారు. కాళ్లని గుండ్రంగా కాకుండా, కడ్డీకి అంటుకుపోయే ఆకారంలో చేసి, మధ్యలో ఖాళీయే లేకుండా కట్టారు. మడిస్తే 39 సెంటీమీటర్లు, నీళ్ల సీసా అంత లావు. కార్బన్‌దైతే 1.27 కిలోలు, అల్యూమినియం అయితే 1.56. అమెరికాలో కార్బన్‌దాని ధర 600 డాలర్ల దగ్గర పెట్టారు. మన రూపాయల్లో ఎంతో మీరే గుణించుకోండి, నేను గుణించి కొనలేదు.

ఆ రెండు బరువుల మధ్య తేడా చూశారా? 290 గ్రాములు, ఒక కాఫీ ఫ్లాస్కులోని కాఫీ అంత. కార్బన్ ఫైబర్ సాంద్రత అల్యూమినియంలో అరవై శాతం ఉంటుంది. కానీ ట్రైపాడ్ అంటే గొట్టాలొక్కటే కాదు. హెడ్, కీళ్లు, మరలు, మధ్యలోని పట్టు, ఇవన్నీ రెండింటిలోనూ లోహమే. అందుకే తేడా అనుకున్నంత రాదు. కార్బన్ అసలు లాభం బరువులో కంటే అదురు తొందరగా అణగడంలో ఉంది. అల్యూమినియం గొట్టాన్ని గోటితో మీటితే కంచు గ్లాసులా కాసేపు మోగుతుంది, కార్బన్ గొట్టం ‘టక్’మని ఊరుకుంటుంది. డిసెంబరు తెల్లవారుజామున చేతికి చల్లగా తగలకపోవడం ఇంకో సుఖం. అయితే సన్నటి అయిదు ముక్కల కార్బన్ కన్నా, కాస్త లావైన నాలుగు ముక్కల అల్యూమినియం గట్టిగా నిలబడవచ్చు. రెండూ సమానమైన వ్యాసంలో ఉన్నప్పుడే కార్బన్ మాట ఎత్తాలి. డబ్బు పరిమితంగా ఉంటే ఆ తేడా డబ్బుని కాళ్ల మీద కాకుండా హెడ్ మీద పెట్టమంటాను.

హెడ్ దగ్గరికి వస్తే ఫొటో తీసేవాళ్లూ వీడియో తీసేవాళ్లూ విడిపోతారు. ఫొటోకి బాల్ హెడ్, అంటే బంతి కీలు మీద తిరిగేది, చాలు. ఒక్క మర వదులు చేస్తే ఎటైనా తిరుగుతుంది, బిగిస్తే ఆగుతుంది. చవకరకం బాల్ హెడ్‌కి ఒక జబ్బుంది. ఫ్రేము సరిచూసి, బిగించి, చెయ్యి తీస్తే ముక్కు కాస్త కిందికి దిగుతుంది. పెద్ద లెన్స్‌తో ఇది పిచ్చెక్కిస్తుంది. కెమెరాని నిలువుగా తిప్పి, బంతి పక్కగాడిలోకి వాల్చినప్పుడు బరువంతా ఒక పక్కకి పోతుంది కాబట్టి ఇంకా ఎక్కువ. ‘ఎల్’ ఆకారపు బ్రాకెట్ వేస్తే నిలువు ఫొటోలో కూడా బరువు మధ్యలోనే నిలుస్తుంది. ప్లేటు విషయంలో ఒకటే మాట: ఆర్కా-స్విస్ రకానిదే తీసుకోండి. 38 మిల్లీమీటర్ల వెడల్పున్న, అంచులు ఏటవాలుగా చెక్కిన ఆ ప్లేటు ఇప్పుడు చాలా కంపెనీలకి ఉమ్మడి భాషలాంటిది. ఒక కంపెనీ వాళ్లకే పరిమితమైన ప్లేటు పోయిందంటే, హంపిలో గదిలో కూర్చుని ట్రైపాడ్ వైపు చూస్తూ ఉండాలి.

వీడియోకి బాల్ హెడ్ పనికిరాదా అంటే, కదల్చకపోతే పనికొస్తుంది. వంట వీడియోలు, మాట్లాడుతూ తీసుకునేవి, టైమ్‌లాప్స్, వీటికి బాల్ హెడ్ దర్జాగా సరిపోతుంది. కెమెరాని పక్కకి నెమ్మదిగా తిప్పుతూ తీయాలంటే మాత్రం బంతి ఒకేసారి మూడు దిక్కులా జారుతుంది, క్షితిజం ఒంకరపోతుంది. దానికి ఫ్లూయిడ్ హెడ్ కావాలి. లోపల జిగురు ద్రవం పొరల మధ్య తిరగడం వల్ల చేతి వణుకు మెత్తబడి, నెయ్యిలో గరిటె తిప్పినట్టు సాఫీగా కదులుతుంది. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. పక్కకి తిప్పే కీలు హెడ్ అడుగున ఉంటుంది. ఆ అడుగు సమతలంగా లేకపోతే, మొదట సరిగ్గా ఉన్న క్షితిజం తిప్పేసరికి ఏటవాలవుతుంది. కొండ మీద మూడు కాళ్లూ వంతులవారీగా సర్దుతూ, సమతలం చూపే గాజుగొట్టంలో బుడగని మధ్యకి తెచ్చేలోపు పెళ్లి ఊరేగింపు దాటిపోతుంది. అందుకే వీడియో స్టాండులకి కింద గిన్నెలాంటి అరబంతి అమరిక ఉంటుంది, ఒక మర వదిలి సరిచేసి బిగిస్తే పని అయిపోతుంది. ప్రయాణపు ట్రైపాడ్‌కి విడిగా లెవెలింగ్ బేస్ అని దొరుకుతుంది. దాని బరువు, ఫ్లూయిడ్ హెడ్ బరువు కలిపితే తేలిక అన్న మాటకి అర్థం పోతుంది. రెండూ ఒకే స్టాండులో కావాలనేవాళ్లు దేన్నో ఒకదాన్ని వదులుకోక తప్పదు. పెళ్లిళ్లకి వీడియో తీసే వృత్తిలో ఉంటే తేలిక అన్న ఆశ వదిలేయండి. సెలవుల్లో పిల్లల్ని తీసేవాళ్లయితే ఫ్లూయిడ్ హెడ్ ఆశ వదిలేయండి.

బిగింపుల్లో తిప్పేవి, మీట వేసేవి అని రెండు రకాలు. దీని మీద జనం పోట్లాడుకుంటారు, నాకంత పట్టింపు లేదు. తిప్పేవి సన్నగా, దేనికీ తగులుకోకుండా ఉంటాయి. మీటవి వేసి ఉన్నాయో లేదో చీకట్లో చెయ్యి పెడితే తెలిసిపోతుంది. వదులైతే అలెన్ కీతో బిగించుకోవచ్చు. కాళ్ల అడుగున రబ్బరు రాతి మీదికి, మేకు మట్టిలోకి.

ఇప్పుడు కొట్లో ఏం చేయాలో చెప్తాను. మా కుర్రాడితో నేనూ వెళ్లాను. కొట్టాయన తెలుగువాడే, హిందూపురం వైపు. “దీని మీద మీరే ఎక్కి కూర్చోవచ్చు సార్” అన్నాడు నవ్వుతూ. కూర్చునే పని లేదని చెప్పి, మా కెమెరా పెట్టనిమ్మన్నాం. కాళ్లు పూర్తిగా లాగి, కడ్డీ దించి ఉంచి, కుర్రాడి కిట్ లెన్స్ పూర్తిగా జూమ్ చేసి, స్క్రీన్ మీద లైవ్ వ్యూని పది రెట్లు పెద్దది చేశాం. లెన్స్‌లో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఆపేశాం, లేకపోతే అది ఊపుని దాచేస్తుంది. రోడ్డవతల ఒక బోర్డు మీది అక్షరాన్ని మధ్యకి తెచ్చాం. తర్వాత ఒక కాలి మీద చూపుడు వేలితో ఒక్క దెబ్బ. అక్షరం గజగజ వణుకుతుంది. అది ఆగేదాకా మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టాలి. కిలో బరువున్న అయిదు ముక్కలదాని మీద మూడు దాటి నాలుగు దగ్గర ఆగింది. కిలోన్నర ఉన్న నాలుగు ముక్కలది ఒకటిన్నరలో సద్దుమణిగింది. కుర్రాడి మొహంలో అక్కడే మార్పు వచ్చింది.

రెండో పరీక్షకి కెమెరా అక్కర్లేదు. హెడ్‌ని గట్టిగా బిగించి, పైన ప్లేటుని రెండు చేతులా పట్టుకుని, తడిబట్ట పిండినట్టు అటూ ఇటూ మెలి తిప్పాలి. పాదాలు కదలకుండా పైభాగం ఒక్కటే తిరిగితే ఆ వదులు ఏ కీలులో ఉందో వేలు పెట్టి వెతకవచ్చు. సాధారణంగా కాలు పట్టుకి తగిలే పైకీలులో ఉంటుంది. మర బిగిస్తే పోయేదయితే సరే, పోకపోతే ఆ స్టాండు అక్కడే పెట్టి రండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లు ఈ రెండు పరీక్షలూ రిటర్న్ గడువులోపు అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద చేసుకోవచ్చు. బెంగళూరులో కెమెరా సామాను రోజు అద్దెకిచ్చే చోట్లు చాలానే ఉన్నాయి. కొనబోయే రకాన్ని ఒక శనివారం అద్దెకి తెచ్చుకోవడం ఇంకా మేలు.

సరే, కొన్నాం, ఊగుతోంది, ఏం చేయాలి? ముందు కెమెరా మెడపట్టీ తీసేయండి. కొండ మీద అది గాలికి జెండాలా కొట్టుకుని అదురంతా కెమెరాకి ఇస్తుంది. నంది కొండ మీద నేను చేసిన ఘనకార్యాల్లో అదొకటి. ఎండ పడకుండా లెన్స్ ముందు తొడిగే పెద్ద హుడ్ కూడా తెరచాపే. కడ్డీ కింద కొక్కెం ఉంటే బరువు వేలాడదీయమంటారు. నిజమే కానీ గాలిలో వేలాడే సంచి గడియారం లోలకంలా ఊగి, స్టాండుని కూడా ఊపుతుంది. ఒక ఖాళీ గుడ్డసంచి మడిచి తీసుకెళ్లి, అక్కడి రాళ్లు నింపి, దాని అడుగు నేలకి కాస్త ఆనేలా కట్టండి. బరువూ ఉంటుంది, ఊపూ ఉండదు. ఒక కాలుని లెన్స్ చూసే వైపు ఉంచితే ముందుకి పడిపోదు. గండికోటలో పెన్నా లోయ అంచున సాయంత్రం గాలికి ఈ మూడూ అవసరం పడ్డాయి. అక్కడ ఇంకో పని కూడా చేశాను. ట్రైపాడ్ ఎత్తు సగానికి దించి నేల మీద కూర్చున్నాను. అన్నిటికంటే అదే బాగా పనిచేసింది.

కొన్నిచోట్ల ఏం చేసినా లాభం లేదు. అవుటర్ రింగ్ రోడ్డు మీద స్కైవాక్ ఎక్కి కారు లైట్ల గీతలు తీయబోయి ఓ సాయంత్రం నానా తంటాలు పడ్డాను. జనం నడిచిన ప్రతిసారీ వంతెనే అదురుతోంది. లక్ష రూపాయల ట్రైపాడ్ పెట్టినా ఆ వంతెనతో కలిసే అదురుతుంది. మనుషులు ఆగిన మధ్యలో తీసుకోవడం, స్తంభానికి దగ్గరగా జరగడం, అంతే.

తీసుకెళ్లే చోటు ట్రైపాడ్‌ని ఒప్పుకుంటుందా అన్నది కూడా కొనకముందే ఆలోచించాలి. మన ప్రయాణాల్లో సగం గుళ్లూ కోటలే. భారత పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో చేతిలో పట్టుకుని ఫొటో తీయడం వేరు, ట్రైపాడ్ నిలబెట్టడం వేరు. రెండోదానికి ముందస్తు అనుమతి కావాలి. లేపాక్షిలో నన్ను కాపలాదారు మర్యాదగానే ఆపాడు: “కెమెరా ఓకే సార్, స్టాండు మాత్రం వద్దు.” హంపిలోనూ ఇదే. అలాంటి చోట్లకి స్టాండు మోయడం బస్తా మోయడమే. ఇప్పటి కెమెరాల్లో సెన్సర్‌ని కదిపి వణుకు తగ్గించే ఏర్పాటుతో, ఊపిరి బిగబట్టి, స్తంభానికి భుజం ఆనించి అర సెకను దాకా చేత్తోనే తీయవచ్చు. ట్రైపాడ్ ఎక్కించాక మాత్రం చాలా కెమెరాల్లో దాన్ని ఆపేయడం మంచిది, కదలని దాన్ని సరిచేయబోయి అదే కదిపేస్తుంది.

విమానంలో అయితే దేశీయ ప్రయాణాల్లో చేతిసామానుకి మామూలుగా 7 కిలోల పరిమితి. కెమెరా, లెన్సులు, లాప్‌టాప్ పెట్టాక మిగిలేది ఎంతని? కిలో బరువు ట్రైపాడ్ అయినా నేను బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్‌లోనే వేస్తాను. స్క్రీనింగ్ దగ్గర వాదన పెట్టుకునే ఓపిక నాకు లేదు. అప్పుడు మడిచిన పొడవు 39 అయినా 45 అయినా ఒకటే, సూట్‌కేసులో పడితే చాలు. మెజెస్టిక్ బస్టాండులో బస్సెక్కి, వీపున సంచితో కొండెక్కేవాడికి మాత్రం ఆ ఆరు సెంటీమీటర్లు ముఖ్యం. రాతి మెట్ల మీద వంగినప్పుడల్లా పొడవాటి స్టాండు తల వెనక తగులుతూ ఉంటుంది.

ఫోన్‌తో తీసేవాళ్లకి వీటిలో ఏదీ అక్కర్లేదు. అరచేతిలో పట్టే బుల్లి మూడు కాళ్ల స్టాండు, ఒక క్లాంపు చాలు. ఐఫోన్ నైట్ మోడ్ కదలకుండా ఉందని పసిగడితే 30 సెకన్ల దాకా తీసుకుంటుంది. గూగుల్ పిక్సెల్‌లో నక్షత్రాల మోడ్ నాలుగు నిమిషాల దాకా పోతుంది. దాన్ని ఒక బండరాయి మీద పెట్టి కూర్చోవడమే మన పని.

మా కుర్రాడు చివరికి కిలోన్నర అల్యూమినియంది, నాలుగు ముక్కలది తీసుకున్నాడు. ఆదా అయిన డబ్బుతో మంచి బాల్ హెడ్ వేయించాడు. బయటికొచ్చాక దాన్ని భుజాన వేసుకుని రెండుసార్లు తూచినట్టు ఊపి చూశాడు. “బరువుగానే ఉందన్నా” అన్నాడు. వాడి వీపు సంచి తెరిపించి చూశాను. రెండు పవర్ బ్యాంకులు, లాప్‌టాప్ ఛార్జరు, లీటరు స్టీలు సీసా, వర్షం లేకపోయినా ఒక గొడుగు. ఛార్జరు, ఒక పవర్ బ్యాంకు ఆఫీసు డ్రాయరులో పెట్టేయమన్నాను. ఆదివారం అవలబెట్ట కొండకి వెళ్లొచ్చాడు. సోమవారం పొద్దున్నే ఫోన్ నా మొహం ముందు పెట్టి, ఫొటో పెద్దది చేసి చూపిస్తున్నాడు: ఎదురు గుట్ట మీద చెట్లు, ప్రతి చెట్టుకీ అంచు ఒక్కటే.